బేరం ఎక్కడ ఆపాలి? కత్తి కొనే ముందు చూడవలసిన లోపాలు

బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చూస్తాము. గుడ్డ కొనేటప్పుడు వెలుతురుకు పట్టి నేత చూస్తాము. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చప్పుడు వింటాము. కత్తి విషయానికి వచ్చేసరికి మాత్రం మెరుపు చూసి, ధర అడిగి, సంచిలో వేసుకుని ఇంటికి వస్తాము. బక్రీద్ దగ్గరపడేకొద్దీ కత్తుల దుకాణాల ముందు జనం గుమిగూడతారు. ఒకరు కొన్నది చూసి మరొకరు కొంటారు. ఆ తొందరలో కొన్న కత్తి పండుగనాటి ఉదయం తెగకపోతే దాని మూల్యం చెల్లించేది నోరు లేని జీవి. మిగిలిన సంవత్సరమంతా ఆ మూల్యం చెల్లించేవి వంటింట్లో పనిచేసే తల్లుల, అక్కచెల్లెళ్ల వేళ్లు.

అందుచేత ఏ కత్తి గొప్పదో చెప్పే ప్రయత్నం ఈ వ్యాసంలో మేము చేయడం లేదు. మంచి కత్తులు అనేక రకాలు. ఒకరి చేతికి అమరినది మరొకరికి అమరకపోవచ్చు. కాని ఏ లోపం కనబడితే బేరం అక్కడితో ఆపి దుకాణం మెట్లు దిగిరావాలో చెప్పడం సాధ్యమే. అటువంటి లోపాలు ఎక్కువ లేవు. గుర్తుపెట్టుకోవడం కష్టమూ కాదు. వాటిని మడవని కత్తులకూ, జేబులో పెట్టుకునే మడత చాకులకూ విడివిడిగా చూద్దాము.

ఇది చిన్న విషయం కాదు

కత్తి పదును గురించి మన ధర్మం మౌనంగా లేదు. షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అల్లాహ్ ప్రతి పనిలోనూ ఉత్తమ రీతిని విధిగా చేశాడనీ, జిబహ్ చేసేవారు కత్తికి బాగా పదును పెట్టుకుని జంతువుకు బాధ తగ్గించాలనీ దైవప్రవక్త (స) బోధించినట్లు దాని సారాంశం. జంతువును పడుకోబెట్టి దాని కళ్లముందే కత్తి నూరుతున్న వ్యక్తిని ఆయన (స) మందలించిన విషయం ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తున్నది. అంటే పదును పెట్టే పని జంతువును తీసుకురావడానికి ముందే, దానికి కనబడని చోటనే ముగిసి ఉండాలి. పదును నిలవని కత్తితో ఈ మర్యాద పాటించడం ఎలా సాధ్యం? రెండో జంతువు వచ్చేసరికే మళ్లీ నూరవలసి వస్తుంది.

ఒర నుండి తీసిన ఖడ్గాన్ని చేతికి చేయి అందించడాన్ని ప్రవక్త (స) వారించిన సంగతి జాబిర్ (రజి) ద్వారా అందింది. మస్జిదులోనో బజారులోనో బాణాలతో నడిచేవారు ఎవరికీ గాయం కాకుండా వాటి మొనలను పట్టుకోవాలన్న ఆదేశం సహీహ్ బుఖారీలో ఉంది. కత్తికి పదును ఎంత ముఖ్యమో, ఆ పదును ఇతరులకు తగలకుండా చూడడం అంతే ముఖ్యమన్నమాట. కత్తి కొనేటప్పుడు ఈ రెండు కొలబద్దలూ మా దృష్టిలో ఉంటాయి: పని సవ్యంగా చేస్తుందా? పని లేనప్పుడు ఎవరికీ హాని చేయకుండా ఉంటుందా?

మొదటి ప్రశ్న: ఎవరి చేతికి, ఏ పనికి?

మన ఇళ్లలో తరచుగా కొనేవారు ఒకరు, వాడేవారు మరొకరు. మగవారు బజారుకు వెళ్లి తమ అరచేతికి సరిపోయిన బరువైన కత్తి తెస్తారు. రోజూ రెండు పూటలా దానితో కూరగాయలు కోసే ఇల్లాలి చేయి చిన్నది. లావైన పిడిని ఆమె గట్టిగా పిసికి పట్టుకోవలసి వస్తుంది; మణికట్టు నొప్పి అక్కడే మొదలవుతుంది. వాడే మనిషి చేతిలో పెట్టి చూడకుండా ఇంటి కత్తి కొనకూడదన్నది మా మొదటి నియమం. ఆమె బజారుకు రాలేకపోతే కాగితంపై ఆమె అరచేతి గీత గీయించుకుని వెళ్లినా మేలే. ఎడమచేతి వాటం ఉన్నవారు ఇంట్లో ఉంటే ఇంకొక జాగ్రత్త అవసరం. కొన్ని కత్తులకు ఒక్క వైపే వాలు ఉంటుంది. కుడిచేతి వారికని చేసిన అటువంటి కత్తి ఎడమచేతిలో పక్కకు లాగుతుంది.

ఇక పని సంగతి. ఖుర్బానీకి ఒకే కత్తి చాలని అమ్మేవారి మాట నమ్మవద్దు. జిబహ్‌కు పొడవుగా, నిటారుగా, గాటు లేకుండా ఉండే చురీ కావాలి. చర్మం ఒలవడానికి వంపు తిరిగిన పొట్టి కత్తి, ఎముక నుండి మాంసం విడదీయడానికి సన్నని కత్తి, ఎముకలు నరకడానికి బరువైన బుగ్దా కావాలి. జిబహ్ చేసిన చురీతోనే ఎముకలు కొడితే దాని అంచు పళ్లు పడుతుంది; తరువాతి జంతువు దగ్గర ఆ పళ్లే చర్మాన్ని చీలుస్తాయి. అన్నీ కొనే స్తోమత లేకపోతే ఇద్దరు ముగ్గురు బంధువులు కలిసి ఒక జత కొనుక్కోవచ్చు. జిబహ్ చురీని మాత్రం మరే పనికీ వాడకూడదు.

మడవని కత్తులు: బేరం ఆపవలసిన చోట్లు

ఉక్కు పేరు చెప్పలేని కత్తి. ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అన్న రెండు మాటలు మాత్రమే చెక్కి ఉన్న అలుగు మాకు ఏమీ చెప్పదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కును తయారు చేసినప్పటి నుండి ఆ పేరు కింద అనేక మిశ్రమ లోహాలు వచ్చాయి. ఉక్కులో క్రోమియం సుమారు 10.5 శాతానికి తగ్గకుండా ఉంటే దానిని స్టెయిన్‌లెస్ అంటారు. కాని తుప్పు పట్టకపోవడం వేరు, పదును నిలవడం వేరు. పదును నిలపడానికి కావలసినది కార్బన్. మంచి వంటింటి కత్తులలో అది సాధారణంగా అర శాతం, లేదా అంతకు మించి ఉంటుంది. ఆ కార్బన్‌తో పాటు ఉక్కును ఎర్రగా కాల్చి చల్లార్చి గట్టిపరచి ఉండాలి.

దుకాణంలోనే చేయగల ఒక చిన్న పరీక్ష ఉంది. జేబులో ఒక అయస్కాంతం ముక్క వేసుకుని వెళ్లండి. గట్టిపరచిన కత్తి ఉక్కుకు అయస్కాంతం అంటుకుంటుంది. చాలా వంటపాత్రలకు వాడే రకం స్టీలును కాల్చి చల్లార్చినా గట్టిపడదు, దానికి అయస్కాంతం సరిగా అంటదు. ఉక్కు కత్తి అని అమ్ముతున్న దానికి అయస్కాంతం అంటకపోతే బేరం అక్కడితో సరి. అయితే అంటినంత మాత్రాన మంచి కత్తి అని అర్థం కాదు. మెత్తని ఇనుముకూ అది అంటుతుంది. ఈ పరీక్ష చెడ్డదాన్ని పక్కన పెట్టడానికి మాత్రమే.

అతి గట్టిదనం. గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలతలో చెబుతారు. ఇంటి వాడకానికి 54 నుండి 58 దాకా ఉన్న కత్తి అనుకూలం. సులువుగా నూరుకోవచ్చు, ఎముక తగిలినా సాధారణంగా పెచ్చు లేవదు. 60 దాటిన సన్నని జపాన్ తరహా కత్తులు చేపకూ కూరగాయలకూ చక్కగా ఉంటాయి కాని మేక ఎముక తగిలితే అంచు విరుగుతుంది. మాంసం పనికి అటువంటి కత్తి ఎంత ఖరీదైనదైనా మాకు వద్దు.

పిడిలోకి సరిగా వెళ్లని ఉక్కు. అలుగు తోక పిడి చివరి వరకు వెళ్లిందా, మధ్యలోనే ఆగిందా అన్నది కత్తి ఆయుష్షును నిర్ణయిస్తుంది. రెండు చెక్కల మధ్య ఉక్కును ఉంచి రివిట్లు బిగించిన కత్తిని వీపువైపు నుండి చూస్తే పిడి పొడవునా ఉక్కు గీత కనబడాలి. సగంలోనే గీత ఆగిపోతే, ముఖ్యంగా బరువు పని చేసే కత్తి అయితే తీసుకోవద్దు. ప్లాస్టిక్‌ను అచ్చుపోసిన పిడిలో ఈ గీత కనబడదు. అటువంటప్పుడు మొనను చెక్కపై ఆనించి మెల్లగా అటూ ఇటూ ఒత్తిడి పెట్టి చూడండి. కిర్రుమన్నా, కదిలినా వెంటనే తిరిగి ఇచ్చేయండి. ఎముకపై బలంగా దించినప్పుడు పిడి నుండి ఊడిన అలుగు ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. పండుగనాడు ఆ చుట్టూ నిలబడి చూసేది పిల్లలే.

జారే పిడి. పొడిచేతితో దుకాణంలో పట్టుకుంటే ప్రతి పిడీ బాగుంటుంది. కొవ్వు, నెత్తురు అంటిన చేతిలో ఎలా ఉంటుందో ఊహించి చూడాలి. పిడికీ అలుగుకూ మధ్య వేలు ముందుకు జారకుండా ఆపే ఎత్తు లేని మాంసపు కత్తిని మేము కొనము. నున్నగా మెరుగుపెట్టిన లోహపు పిడి అందంగానే ఉంటుంది కాని తడిచేతిలో నిలవదు. చెక్కకూ ఉక్కుకూ మధ్య సందు ఉన్నా వద్దు. నెత్తురు, కొవ్వు అందులో చేరి కుళ్లుతాయి, ఎంత కడిగినా పోవు.

ఏ జంతువుదో తెలియని ఎముక పిడి. దీనిని కొందరు అతి జాగ్రత్త అనవచ్చు. కాని మన ఆహారాన్ని తాకే వస్తువు ఇది. పిడి ఎముకతో చేసినదైతే ఏ జంతువు ఎముక అని అడుగుతాము; తోలు ఒర అయితే ఏ తోలు అని అడుగుతాము. అమ్మేవారు చెప్పలేకపోతే చెక్క పిడి కత్తి తీసుకుంటాము. జింక కొమ్ము పిడి అని గొప్పగా చూపితే అసలే వద్దు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటువంటి కొమ్ముల వ్యాపారం నిషిద్ధం.

అంచున నీలిరంగు. కొత్త కత్తి అయినా, సాన పట్టించిన పాత కత్తి అయినా అంచు వెంట నీలిరంగు మచ్చ కనబడితే అక్కడ ఉక్కు అతిగా వేడెక్కిందని గ్రహించాలి. ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ రంగుకు వస్తుంది. ఆ వేడికి అక్కడ గట్టిదనం తగ్గిపోయి ఉంటుంది. పైకి పదునుగానే కనిపించినా నాలుగు కోతలకే మొద్దుబారుతుంది. పండుగకు ముందు వీధుల్లో సాన పట్టేవారు వస్తారు. నిప్పురవ్వలు ఎంత ఎగిరితే అంత మంచి పదును అనుకుంటాము. అది సరి కాదు. ప్రతి రెండు మూడు ఒత్తులకూ అలుగును నీళ్లలో ముంచమని మర్యాదగా అడగండి. కష్టానికి తగినట్లు మరో పది రూపాయలు ఇవ్వండి.

వంకర, గాట్లు. పిడి చివర నుండి ఒక కన్ను మూసి అలుగు వెంట చూస్తే వంకర తెలుస్తుంది. అంచును దీపం వైపు పైకి తిప్పి చూడండి. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు; తెల్లగా మెరిసిన ప్రతి చుక్కా మొద్దుబారిన చోటో, గాటో అయి ఉంటుంది. వేలిని అంచు వెంట లాగి చూడడం మాత్రం ఎన్నడూ చేయరాదు. జిబహ్ చురీకి ఇంకొక కొలత ఉంది: అలుగు పొడవు జంతువు మెడ వెడల్పుకు దాదాపు రెండింతలు ఉండాలి. అప్పుడే మొన గుచ్చుకోకుండా, రంపంలా లాగవలసిన అవసరం లేకుండా పని వేగంగా ముగుస్తుంది. పళ్లున్న అంచు గల కత్తి రొట్టె కోయడానికి మంచిది, జిబహ్‌కు పనికిరాదు.

ఒర లేని కత్తి. ఒర లేకుండా అమ్మే పొడవైన కత్తికి ఇంటికి రాగానే మందపాటి అట్టతో ఒర చేస్తాం అనుకుంటాము, చేయము. ఆ కత్తి పాత్రల గూటిలో పడి, చీకట్లో చెంచా వెదికే చేతికి తగులుతుంది. ఒర ఇవ్వని దుకాణదారుని ఒర అడగండి. లేదంటే కొనే రోజునే ఒరకు ఏర్పాటు చేసుకోండి. అది కుదరకపోతే కత్తి కొనడం వాయిదా వేయండి.

జేబు చాకులు: ఇక్కడ లోపాలు వేరు

మడత చాకు అవసరం చాలామందికి ఉంటుంది. రైతు పురికొస కోయడానికి, కరెంటు పని చేసేవారు తీగ పొర ఒలవడానికి, ప్రయాణంలో పండు కోసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. స్విట్జర్లాండుకు చెందిన కార్ల్ ఎల్సెనర్ 1891లో ఆ దేశపు సైనికులకు చాకులు తయారు చేయడం మొదలుపెట్టారు. 1897లో వచ్చిన ఆయన అధికారుల చాకే నేటి ఎర్రపిడి చాకుకు మూలం. ఫ్రాన్సులో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చెక్కపిడి చాకుకు 1955లో ఒక తిరిగే ఉక్కు ఉంగరం చేర్చారు. ఆ ఉంగరం తిప్పితే అలుగు చేతిపై మూసుకోదు. అంత చిన్న మార్పు ఎందుకు అవసరమైందో ఆలోచిస్తే మడత చాకులోని అసలు ప్రమాదం అర్థమవుతుంది. దాని అలుగు మన వేళ్ల మీదికే మడుస్తుంది.

కనుక జేబు చాకులో మేము మొదట చూసేది తాళం. అంటే తెరిచిన అలుగును కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు. పండ్లు కోయడానికి మాత్రమే వాడే చిన్న చాకుకు స్ప్రింగు బలం చాలు, తాళం లేకపోయినా ఫర్వాలేదు. కాని తాడు కోయడం, పెట్టెలు విప్పడం, కొమ్మ చెక్కడం వంటి ఒత్తిడి పనులకు తాళం లేని చాకు మాకు వద్దు. తాళం ఉన్నా అది నమ్మదగినదా అని చూడాలి. చాకు తెరిచి, అలుగు మూసుకునే దారిలో వేళ్లు లేకుండా పట్టుకుని, దాని వీపును చెక్కబల్లపై మెల్లగా తట్టండి. తాళం వదిలేస్తే ఆ చాకును అక్కడే వదిలేయండి. అలుగును రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. కొత్తగా ఉన్నప్పుడే ఊగే అలుగు ఏడాది తిరిగేసరికి ఇంకా ఊగుతుంది.

రెండోది, మూసిన తరువాత మొన ఎక్కడ ఉందన్నది. చౌకరకాలలో మొన పిడి అంచు దాటి వెంట్రుకవాసి బయటికి పొడుచుకుని ఉంటుంది. జేబులో చేయి పెట్టినప్పుడు గోరు కింద గుచ్చుకునేది అదే. మూసిన చాకుపై గుడ్డముక్కను లాగి చూడండి. దారం తగులుకుంటే బేరం లేదు.

మూడోది, శుభ్రం చేసుకునే వీలు. పండు కోసిన రసం మడతలోకి దిగుతుంది. నీటితో కడిగి, వెలుతురు లోపలికి వెళ్లేలా పట్టి చూసే అవకాశం లేని చాకు తినే వస్తువులకు పనికిరాదు. నల్లటి రంగు పూత పూసిన అలుగు కూడా ఆహారానికి మేము వాడము. పూత ఏదో తెలియదు, అది ఎక్కడ లేచిపోతున్నదో కనబడదు.

నాలుగోది, మీట నొక్కగానే టప్పున తెరుచుకునే చాకు. దీని విషయంలో మా అభిప్రాయం ఖచ్చితమైనది: ఇంట్లోకి రానివ్వము. పండు కోయడానికి అరసెకను వేగం అవసరం లేదు. ఆ వేగం ఎదుటివారిని భయపెట్టడానికే పనికొస్తుంది. సరదాకైనా సోదరుని వైపు ఆయుధం చూపవద్దని వారించిన ప్రవక్త (స) అనుచరులకు అటువంటి వస్తువు శోభ కాదు. సినిమాలలో, సెల్‌ఫోన్ వీడియోలలో కత్తి తిప్పే దృశ్యాలు చూసి పిల్లలు దానిని కోరుతున్నారు. అబ్బాయి చాకు కావాలని అడిగితే కోప్పడవద్దు. ఎందుకు కావాలో అడగండి. పని చెబితే ఆ పనికి తగినది దగ్గరుండి కొనిపెట్టండి, వాడడం నేర్పండి, పని ముగిశాక దానిని దాచే చోటు చూపండి. చేతిలో తిప్పి నలుగురికి చూపడానికైతే నిదానంగా వద్దని చెప్పండి. ఆ జవాబులోనే కొనాలో వద్దో తేలిపోతుంది.

పేరు చూసి మోసపోవద్దు

‘డమాస్కస్ ఉక్కు’ అని అలల గీతలతో మెరిసే కత్తులను ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నారు. ఆ పేరుకు మన నేలతో సంబంధం ఉంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసలలో ఇనుమును కరిగించి మేలైన ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అక్కడికి వచ్చేవారని హెన్రీ వోయ్‌సీ నమోదు చేశాడు. ఆ వివరణ 1832లో అచ్చయింది. దక్షిణ భారతంలో తయారైన ఇటువంటి ఉక్కును పాశ్చాత్యులు ‘వూట్జ్’ అన్నారు. మన ‘ఉక్కు’ మాటే అలా మారిందని పలువురు పండితుల అభిప్రాయం. మైకేల్ ఫారడే అంతటి శాస్త్రవేత్త ఆ ఉక్కు రహస్యం తెలుసుకోవడానికి పరిశోధనలు చేశాడు.

నేడు ఆ పేరుతో అమ్మేవి సాధారణంగా ఆ మూస ఉక్కు కావు. రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి, ఆమ్లంతో గీతలు తేల్చినవి. నిజాయితీగా చేస్తే అవీ మంచి కత్తులే. కాని చౌకవాటిలో గీతలు కేవలం పైపై అచ్చు. అలుగు వీపుపై, అంచుపై కూడా గీతలు కొనసాగుతున్నాయేమో చూడండి. పక్కలపై మాత్రమే ఉండి వీపు దగ్గర ఆగిపోతే అది బొమ్మ. పెద్ద సంస్థల పేరు చెక్కి పదో వంతు ధరకు అమ్మేవీ ఇదే కోవలోవి. ధాన్యపు కుప్పలో తడిసిన గింజలను అడుగున దాచిన వ్యాపారిని ప్రవక్త (స) మందలించిన ఉదంతం మనకు తెలుసు. ఉక్కు విషయంలో అబద్ధం చెప్పిన దుకాణంలో తక్కిన కత్తులు కూడా చూడనవసరం లేదు.

దీనికి భిన్నంగా, లారీల కమాన్ పట్టీలతో ఊరి కమ్మరి చేసే కత్తికి పేరూ మెరుపూ ఉండవు. ఆ పట్టీల ఉక్కులో కార్బన్ తగినంత ఉంటుంది. సరిగా కాల్చి గట్టిపరిస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. గట్టిపరిచాడో లేదో తెలియాలంటే ఆకురాయితో అంచు మూలను ఒకసారి గీసి చూడమని ఆయననే అడగండి. ఉక్కు సులువుగా చెక్కుకుపోతే మెత్తనిది. లోపం ఉంటే సరిచేసి ఇచ్చే మనిషి ఊళ్లోనే ఉండడం ఏ గ్యారంటీ కార్డుకూ తీసిపోదు.

చట్టం కూడా చూడాలి

1959 నాటి ఆయుధాల చట్టం కిందకు వచ్చే నియమాలలో, తొమ్మిది అంగుళాలకు మించి పొడవో, రెండు అంగుళాలకు మించి వెడల్పో ఉన్న అలుగు గల కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాలలో వాటికి లైసెన్సు కావాలి. ఇంటి పని, వ్యవసాయం, వృత్తి పనుల కోసం తయారైన కత్తులకు మినహాయింపు ఉంది. కనుక ఖుర్బానీ కత్తి మాంసపు పనికి చేసినదై ఉండాలి గాని, బాకు ఆకారంలో రెండువైపులా పదునుతో అలంకారంగా చేసినదై ఉండకూడదు. పండుగల, ఎన్నికల సమయాలలో పోలీసులు స్థానికంగా ఆంక్షలు విధించడమూ ఉంటుంది. కత్తిని ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, సంచి అడుగున ఉంచి నేరుగా పని చోటికి తీసుకువెళ్లి, తిరిగి నేరుగా ఇంటికి తేవడం మంచిది. బిల్లు దగ్గర ఉంచుకోండి. ఉమ్రాకో, గల్ఫ్ దేశాలకో విమానంలో వెళ్లేవారు జేబు చాకును చేతి సంచిలో మరచిపోతే భద్రతా సిబ్బంది తీసుకుంటారు. బయలుదేరే ముందు రాత్రే జేబులు చూసుకోవాలి.

వీటికి మాత్రం వద్దనవద్దు

లోపాలు కాని వాటిని లోపాలని భ్రమపడి మంచి కత్తిని వదులుకోవడం కూడా నష్టమే. కార్బన్ ఉక్కు కత్తి వాడేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతుంది. అది తుప్పు కాదు, ఎర్రని తుప్పును అడ్డుకునే పొర. చేతితో చేసిన కత్తి వీపు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా పనికి అడ్డం రాదు. పేరున్న సంస్థది కాకపోవడం, పిడి రంగు నచ్చకపోవడం, పెట్టె అందంగా లేకపోవడం మా లెక్కలో లోపాలు కావు. అలాగే ఎక్కువ ధర మంచితనానికి సాక్ష్యం కాదు. వాడని కత్తులతో గోడ నింపుకోవడం దుబారా. ఆ డబ్బుతో ఒక మంచి సానరాయి కొనుక్కుంటే ఇంట్లో ఉన్న పాత కత్తులన్నీ కొత్తవవుతాయి. సుమారు 1000 నంబరు గరుకు గల రాయి ఒక్కటి చాలు. ప్రతి వైపూ 15 నుండి 20 డిగ్రీల వాలుతో, నీళ్లు చల్లుకుంటూ, నిదానంగా నూరాలి.

కొన్న తరువాత సంరక్షణ కూడా అంతే సులువు. పని ముగియగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాయాలి. ఖుర్బానీ కత్తిని వచ్చే ఏడాది వరకు తోలు ఒరలో ఉంచవద్దు. తోలు తేమను పట్టి ఉంచి తుప్పు పట్టిస్తుంది. కాగితం చుట్టి, అట్టపెట్టెలో, పిల్లలకు అందని ఎత్తున ఉంచండి.

పండుగకు నెల రోజుల ముందే దాచిన కత్తి తీసి ఒకసారి చూడండి. పదును ఉంటే సరే. లేకపోతే నూరడానికో, మార్చడానికో వ్యవధి ఉంటుంది. అంగట్లో జనం లేని వేళ, ఇల్లాలిని వెంటబెట్టుకుని, జేబులో అయస్కాంతం ముక్కతో వెళ్లిన మనిషిని ఏ మెరుపూ అంత సులువుగా మోసగించలేదు. ఆ కాస్త ఓర్పు వల్ల ఒక మూగజీవికి బాధ తగ్గుతుంది, ఒక ఇల్లాలి వేళ్లు క్షేమంగా ఉంటాయి. ఉత్తమ రీతిలో పని చేసేవారిలో అల్లాహ్ మనందరినీ చేర్చుగాక!